అక్క రిపోర్టులో ‘ప్రొటీన్ అక్షరాల్లో మార్పు లేదు’ అని ఉంది. మరి పిట్యూటరీ గడ్డకు జీన్‌లోని మార్పు ఎలా కారణమవుతుంది?

మున్నేరు_మాస్టారు రాసినది:

అందరికీ నమస్కారం. నేను ఖమ్మంలో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. సెకండియర్ పిల్లలకు ప్రొటీన్ల తయారీ పాఠం చెప్పడం ఇది 18వ ఏడు. ఇప్పుడు ఆ పాఠమే మా అక్క రిపోర్టులో కనిపించింది, నాకు అర్థం కావడం లేదు. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

అక్కకు 46 ఏళ్లు. పెళ్లయినప్పటి నుంచి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మా నాన్న కొనిచ్చిన పెద్ద కత్తెర ఒకటుంది, దాన్ని ఇంకొకరిని ముట్టుకోనివ్వదు. ఏడేళ్ల కిందట ఆ కత్తెర పిడిలో బొటనవేలు బిగుసుకుపోవడం మొదలైంది. రోజంతా బట్ట కత్తిరిస్తే వేళ్లు వాస్తాయిలే అనుకుంది. సాన పట్టే అతనికిచ్చి పిడి లోపలివైపు ఆకురాయితో అరగదీయించుకుంది. రెండేళ్లకు మళ్లీ అరగదీయించింది. ఇనుము పలచబడి పిడి ఒకచోట వంగింది కూడా. గాజులు 2-4 నుంచి 2-8కి వచ్చాయి. మెట్టెలు ఊడిరాకపోతే కంసాలి దగ్గర కోయించాం. చెప్పులు రెండు సైజులు పెరిగాయి. గురక, ఒళ్లంతా చెమట, షుగర్, కీళ్ల నొప్పులు. వెళ్లిన చోటల్లా షుగర్ మాత్రలు, నొప్పి మాత్రలు రాశారు. ఆరేళ్లలో ఒక్కరూ ఆమె చేతులు పట్టుకుని చూడలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

చివరికి పట్టుకున్నది పళ్ల డాక్టరమ్మ. కింది పళ్ల మధ్య సందులు ఎందుకు వచ్చాయని అడిగి, పాత ఫోటో ఏదైనా ఉంటే చూపించమంది. నేను ఫోన్‌లో అక్క పెళ్లి ఫోటో చూపించాను. ఆమె ఫోటోనూ అక్కనూ మార్చి మార్చి చూసి, అప్పటికప్పుడు హైదరాబాద్ వెళ్లమని చీటీ రాసిచ్చింది. గ్రోత్ హార్మోన్ ఎక్కువైతే రక్తంలో పెరిగే ఐజీఎఫ్-1 వయసుకు ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ వచ్చింది. గ్లూకోజ్ నీళ్లు తాగించి గ్రోత్ హార్మోన్ చూస్తే తగ్గాల్సింది తగ్గలేదు. ఎంఆర్ఐలో పీయూష గ్రంథిలో, అంటే పిట్యూటరీలో, 14 మిల్లీమీటర్ల గడ్డ. పోయిన శ్రావణంలో ముక్కులోంచి ఆపరేషన్ చేసి తీశారు.

అప్పుడే రక్తంలో కాల్షియం ఎక్కువుందని తెలిసింది, కాల్షియంను పెంచే పారాథైరాయిడ్ గ్రంథి హార్మోన్ పీటీహెచ్ కూడా ఎక్కువే. కిడ్నీలో రాళ్లు అంతకుముందే రెండుసార్లు వచ్చాయి. రెండు గ్రంథుల్లో తేడా ఉంది కాబట్టి జీన్ టెస్ట్ చేయిద్దామన్నారు. చెడితే ఒకే మనిషికి చాలా గ్రంథుల్లో గడ్డలు తెచ్చే మెన్-1 అనే జీన్ బాగానే ఉందట. 12వ క్రోమోజోమ్ మీద పీ27 అనే ప్రొటీన్‌కు సంబంధించిన జీన్‌లో, ప్రొటీన్ మొదలయ్యే చోటి ఏయూజీ అనే మూడక్షరాల గుర్తుకు నాలుగు వందల పైచిలుకు అక్షరాల ముందు, చిన్న ముక్క లేదని రాశారు. పక్కనే ‘ప్రొటీన్ వరుసలో మార్పు లేదు’ అని, దాని కింద ‘ప్రాముఖ్యం తేలలేదు’ అని ఉంది.

నా పాఠంలో ప్రొటీన్ తయారుచేసే రైబోజోమ్, జీన్ నుంచి వచ్చే సందేశమైన ఎంఆర్ఎన్ఏ మీద కూర్చుంటుంది, ఏయూజీ దగ్గర మొదలుపెడుతుంది, ఆగే కోడాన్ దగ్గర వదిలేస్తుంది. ఏయూజీకి ముందున్న భాగం గురించి ఒక్క వాక్యం చెప్పి వదిలేసేవాణ్ని. చదవని భాగంలో అక్షరాలు పోతే ప్రొటీన్‌కు ఏమవుతుంది? అక్క కూతురికి 19 ఏళ్లు, దానికీ నాకూ టెస్ట్ చేయించాలా? ఇక అక్క అడిగేది ఒకటే: “ఇంతకీ ఆ ప్రొటీన్ నా ఒంట్లో ఉన్నట్టా, లేనట్టా?”

ఆర్‌ఎన్‌ఏ_రైతుబిడ్డ రాసినది:

మాస్టారూ, నమస్తే. మాది సూర్యాపేట దగ్గర పల్లె. రైబోజోమ్ పని ఎలా మొదలుపెడుతుందన్నదే నా పీహెచ్‌డీ, ఇప్పుడూ అదే పని చేస్తున్నాను.

ముందు మీ అక్కగారికి జవాబు: ఉంది. ఉన్నది మంచి ప్రొటీనే. కాకపోతే ఆ మార్పు నిజంగా పనిచేస్తుంటే, ఉండాల్సినంత ఉండదు.

పాఠాల్లో మొదలయ్యే ఘట్టాన్ని ఎక్కువగా బ్యాక్టీరియాను పెట్టుకుని చెబుతారు. అక్కడ ఏయూజీకి కొంచెం ముందే ఒక గుర్తు ఉంటుంది, రైబోజోమ్ ఆ గుర్తును పట్టుకుని తిన్నగా అక్కడే దిగుతుంది. మన కణాల్లో అలా కాదు. రైబోజోమ్‌లోని చిన్న ముక్క ఒక్కటే ముందు వస్తుంది. ప్రొటీన్‌లో మొదటి ముక్క అయిన మిథియోనిన్‌ను మోసే టీఆర్ఎన్ఏ, ఈఐఎఫ్2 అనే సహాయక ప్రొటీన్, దానికి అంటుకున్న శక్తి అణువు జీటీపీ, ఇవన్నీ ఒక కట్టగా దాని మీద ఉంటాయి. ఎంఆర్ఎన్ఏ మొదట్లో టోపీలాంటి రసాయన గుర్తు ఉంటుంది, ఆ చివర ఎక్కి అక్షరం అక్షరం చూసుకుంటూ కిందికి నడుస్తుంది. సరైన ఏయూజీ తగలగానే ఆగి జీటీపీ ఖర్చు చేస్తుంది, ఈఐఎఫ్2 దిగిపోతుంది, అప్పుడు పెద్ద ముక్క వచ్చి కలుస్తుంది. ఈ నడక సంగతి 1978లో మారిలిన్ కోజాక్ ప్రతిపాదించారు. ఏయూజీకి మూడక్షరాల ముందు ఏ గానీ జీ గానీ, వెంటనే తర్వాత జీ ఉంటే ఆ ఏయూజీ గట్టిదని చూపించిందీ ఆమే. అంటే మీరు ఒక్క వాక్యంలో వదిలేసిన భాగం మొత్తాన్ని రైబోజోమ్ చిన్న ముక్క నడిచి దాటాలి.

ఇప్పుడు పీ27 విషయం. దాని ఎంఆర్ఎన్ఏలో అసలు ఏయూజీకి చాలా ముందు ఇంకో ఏయూజీ ఉంది. అక్కడ మొదలయ్యే చదువు చాలా చిన్నది, కొద్దిపాటి అక్షరాలకే ఆగే కోడాన్ వచ్చేస్తుంది. మా వాళ్లు దీన్ని యూఓఆర్ఎఫ్ అంటారు. రైబోజోమ్ ఆ చిన్న చదువు ముగించాక పెద్ద ముక్క విడిపోతుంది. చిన్న ముక్క మాత్రం కొన్నిసార్లు ఎంఆర్ఎన్ఏ మీదే ఉండి ముందుకు నడుస్తుంది. అయితే ఇప్పుడు దాని దగ్గర మిథియోనిన్ కట్ట లేదు, ఒకసారి వాడేసింది. దారిలో ఇంకో కట్ట దొరికితేనే తర్వాతి ఏయూజీని గుర్తుపట్టగలదు.

మా అమ్మ నాట్లకు వెళ్లేది. నేను గట్టు మీద నిలబడి నారు కట్టలు విసిరేవాణ్ని. చిన్న మడి అయిపోయి ఖాళీ చేతులతో గట్టు వెంట పెద్ద మడి వైపు నడిచేటప్పుడు, గట్టు పొడుగ్గా ఉంటే అమ్మ అవతలికి చేరేలోపు నేనో కట్ట అందించేవాణ్ని. గట్టు నాలుగడుగులే అయితే అమ్మ పెద్ద మడి దగ్గరికి వచ్చేసరికి చేతిలో నారుండేది కాదు. తేడా ఏమిటంటే, అమ్మ ఆగి నారు కోసం చూసేది. రైబోజోమ్ ఆగదు. ఖాళీ చేతులతో అసలు ఏయూజీ మీంచి దాటిపోతుంది, ఆ విడతకు పీ27 తయారు కాదు.

2013లో ఇటలీ పరిశోధకులు అచ్చం ఇలాంటి కేసునే వివరించారు. పిట్యూటరీ గడ్డ, పాంక్రియాస్‌లో ఒక గడ్డ ఉన్న మనిషి. పీ27 జీన్ చిన్న చదువులో నాలుగక్షరాలు పోయాయి. మూడు పోయి ఉంటే వరుస చెదిరేది కాదు, నాలుగు కాబట్టి చెదిరింది. పాత ఆగే కోడాన్ కనిపించకుండా పోయి, చిన్న చదువు కాస్తా చాలా దూరం సాగింది. దాంతో అక్కడి నుంచి అసలు ఏయూజీ దాకా ఉన్న ఖాళీ బాగా కురచైపోయింది. గట్టు నాలుగడుగులైంది.

అది ఉత్త ఊహ కాదని వాళ్లు రెండు రకాలుగా చూపించారు. ఒకటి మిణుగురు పురుగు ఎంజైమ్ వాడి చేసేది: అనుమానం ఉన్న భాగాన్ని ఆ ఎంజైమ్ సందేశం ముందు అతికిస్తే, తయారీ ఎంత జరిగితే అంత వెలుగు వస్తుంది. రెండోది నేను రోజూ చేసే పని, అందుకే దాని గురించి రెండు మాటలు. సన్నని గొట్టంలో అడుగున చిక్కటి చక్కెర ద్రావణం, పైకి వచ్చేకొద్దీ పలుచన. కణాల రసాన్ని పైన మెల్లగా పోస్తాం. చెయ్యి వణికితే పొరలు కలిసిపోతాయి, ఆ రోజు పని పోయినట్టే. రెండు గంటలకు పైగా అతివేగంగా తిప్పితే, ఎక్కువ రైబోజోమ్‌లు ఎక్కిన ఎంఆర్ఎన్ఏ బరువుగా కిందికి దిగుతుంది, ఎవరూ ఎక్కనిది పైనే ఉండిపోతుంది. తర్వాత గొట్టాన్ని పై నుంచి వరుసగా చిన్న చిన్న సీసాల్లోకి తీసి, మనకు కావాల్సిన సందేశం ఏ సీసాలో ఉందో వెతుకుతాం. ఆ మార్పు ఉన్న సందేశం మీద పని తగ్గిందని అందులో తెలిసింది.

పీ27 తగ్గితే గడ్డ ఎందుకంటే, అది కణ విభజనకు బ్రేకు. కణాన్ని విభజన వైపు తోసే సైక్లిన్, సీడీకే జంటల్ని అది పట్టుకుని ఆపుతుంది. 1996లో మూడు బృందాలు వేర్వేరుగా పీ27 లేని ఎలుకల్ని తయారుచేశాయి. ముగ్గురికీ ఒకటే కనిపించింది: ఎలుకలు తోబుట్టువుల కంటే పెద్దగా పెరిగాయి, వాటికి పిట్యూటరీలో గడ్డలు వచ్చాయి. 1998లో ఇంకో ముఖ్యమైన సంగతి తేలింది. రెండు కాపీల్లో ఒక్కటి మాత్రమే పోయిన ఎలుకలకు కూడా, రేడియేషన్ తగిలితే మామూలు ఎలుకల కంటే ఎక్కువగా గడ్డలు వచ్చాయి. మిగిలిన కాపీ చెడలేదు, బాగానే ఉంది. అంటే పీ27 పూర్తిగా లేకపోవడమే కాదు, మోతాదు తగ్గడం కూడా లెక్కే. అక్షరాలు సరిగ్గా ఉన్నాయి కాబట్టి ఫర్వాలేదని ఈ జీన్ విషయంలో అనుకోలేం.

మీ రిపోర్టులో ఆ మార్పును అక్షరాలు, అంకెలతో రాసిన లైను ఒకటి ఉంటుంది. పేరు, నంబర్లు కనపడకుండా ఆ ఒక్క లైను పెట్టగలరా? ఎన్ని అక్షరాలు పోయాయి, చిన్న చదువు లోపలా బయటా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

గ్రంథి_వైద్యుడు రాసినది:

మాస్టారు గారూ, నేను ఎండోక్రినాలజీలో పనిచేస్తున్నాను. పైన తమ్ముడు చెప్పిన సైన్సు బాగుంది. ఇంటి సంగతి నేను చెబుతాను.

‘ప్రాముఖ్యం తేలలేదు’ అంటే తప్పు ఉందనీ కాదు, లేదనీ కాదు. ఆ మాట పట్టుకుని ఆరోగ్యంగా ఉన్న పిల్లకు జీన్ టెస్ట్ చేయించకూడదు. ఆ అమ్మాయిలో అదే మార్పు కనిపించినా ఏం చెప్పాలో మాకూ తెలియదు, జీవితాంతం టెన్షన్ మాత్రం మిగులుతుంది. చేయాల్సింది ఇంకోటి ఉంది. ఇంట్లో ఇలాంటి జబ్బు గుర్తులు ఎవరికి ఉన్నాయి, వాళ్లలో ఈ మార్పు ఉందా అని చూడటం. ఎక్కువ కాల్షియం, చిన్న వయసులో కిడ్నీ రాళ్లు, చేతులు కాళ్లు పెరగడం, మెడలో గానీ తలలో గానీ ఆపరేషన్, ఇలాంటివి ఎవరికైనా ఉన్నాయా? అమ్మగారు, నాన్నగారు, వాళ్ల తోబుట్టువుల నుంచి మొదలుపెట్టండి. జబ్బున్న వాళ్లలోనే ఆ మార్పు ఉంటూ, లేనివాళ్లలో లేకపోతే ల్యాబ్ వాళ్లు దాని వర్గం మార్చడానికి అదొక ఆధారం అవుతుంది.

పీ27 జీన్ వల్ల వచ్చే జబ్బును మెన్-4 అంటాం. చాలా అరుదు. అందులో ఎక్కువమందికి కనిపించేది పారాథైరాయిడ్ తేడా, తర్వాత పిట్యూటరీ. మీ అక్కగారికి రెండూ ఉన్నాయి కాబట్టి జీన్ సంగతి తేలినా తేలకపోయినా, దగ్గరి రక్తసంబంధీకులకు కాల్షియం, పీటీహెచ్, ప్రొలాక్టిన్ (పాలు వచ్చేలా చేసే పిట్యూటరీ హార్మోన్), ఐజీఎఫ్-1 ఒకసారి చూడటం తప్పు కాదు. మీ డాక్టర్‌తో మాట్లాడి చేయించండి. మెన్-4 ఖాయమైతే మాత్రం పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం, అప్పుడు జీన్ టెస్ట్ గురించి మళ్లీ మాట్లాడుకోవచ్చు.

ఇంకోటి, చాలా ల్యాబ్‌లు ప్రొటీన్ రాసే భాగాన్ని మాత్రమే చదువుతాయి. మీ రిపోర్టులో ఏయూజీకి ముందు భాగం కూడా ఉండటం మంచిదైంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఆపరేషన్ తర్వాత అక్కగారు హైడ్రోకార్టిసోన్ మాత్రలు వేసుకుంటున్నారా? వేసుకుంటుంటే సొంతంగా ఆపనివ్వకండి. జ్వరమొస్తే మోతాదు పెంచాలి, వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఆస్పత్రికి వెళ్లి ఇంజెక్షన్ చేయించాలి. ఆ సంగతి ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టండి. మూడు నెలలకు ఐజీఎఫ్-1, ఎంఆర్ఐ చేయించారా? గురక ఇంకా ఉంటే నిద్ర పరీక్ష, గుండెకు ఎకో, పెద్దపేగుకు కొలనోస్కోపీ కూడా అడగండి. గ్రోత్ హార్మోన్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్నవాళ్లకు ఇవన్నీ చూడాలి.

సాగరతీరం రాసినది:

అన్నయ్యా, మీ అక్క కత్తెర సంగతి చదివి ఏడుపొచ్చింది. నాదీ పిట్యూటరీ గడ్డే, ప్రొలాక్టిన్ ఎక్కువ చేసే రకం, 7 మిల్లీమీటర్లు. నెలసరి ఆగిపోయింది, కడుపు లేకుండానే పాలు వచ్చేవి. ఆ మాట ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఏడాది దాచాను. అత్తగారింట్లో బట్టలు విడిగా ఉతుక్కునేదాన్ని. ఇప్పుడు కాబెర్గోలిన్ అర మాత్ర వారానికి రెండుసార్లు, రాత్రి అన్నం తిన్నాక. మొదట్లో కళ్లు తిరిగేవి, ఇప్పుడు లేదు. మూడు నెలలకే ప్రొలాక్టిన్ మామూలుకొచ్చింది, ఆపరేషన్ అవసరం పడలేదు. ఇది చదివే ఆడపిల్లలెవరైనా నాలా దాచుకుంటే, దయచేసి రేపే వెళ్లి చూపించుకోండి.

నాకో సందేహం. నా గడ్డకు కూడా ఈ పీ27 కారణమా? మా చెల్లెలికి పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, మా ఇంట్లో ఇది వంశంలో ఉందేమోనని భయపడుతున్నారు.

గ్రంథి_వైద్యుడు రాసినది:

అమ్మా, చెల్లెలి గురించి భయపడొద్దు. పిట్యూటరీ గడ్డల్లో నూటికి తొంభైకి పైగా వంశంలో వచ్చేవి కావు. మీ ఇంట్లో ఇంకెవరికీ ఇలాంటిది లేకపోతే, మీకు కాల్షియం మామూలుగా ఉంటే, సాధారణంగా జీన్ టెస్ట్ దాకా వెళ్లం. మాత్రతో అదుపులోకి రావడం ఈ రకంలో మామూలే. పిల్లల కోసం అనుకుంటున్నప్పుడు మాత్రం ముందే డాక్టర్‌కు చెప్పండి, మాత్ర ఎప్పుడు ఆపాలో వాళ్లు చెబుతారు. కంటిచూపు పక్కల నుంచి తగ్గుతున్నట్టు అనిపిస్తే ఆలస్యం చేయకూడదు, గ్రంథికి సరిగ్గా పైనే కంటి నరాలు కలిసే చోటు ఉంటుంది.

మున్నేరు_మాస్టారు రాసినది:

ఇద్దరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. అమ్మా సాగరతీరం, నువ్వు రాసినందుకు కూడా.

డాక్టరు గారూ, హైడ్రోకార్టిసోన్ పొద్దున ఒకటి, మధ్యాహ్నం అర వేసుకుంటోంది. మీరు చెప్పిన కాగితం రాసి పర్సులో పెట్టాను, ఇంకోటి కుట్టుమిషన్ డ్రాయర్‌లో పెట్టాను. మూడు నెలల ఐజీఎఫ్-1 తగ్గింది గానీ మామూలుకు రాలేదు. నాలుగు వారాలకోసారి ఇంజెక్షన్ మొదలుపెట్టారు.

రాత్రి అక్కకు ఈ నారు మడుల సంగతి చెప్పాను. ఆమె కటింగ్ పేపర్ ఒకటి పరిచి గీయమంది. టైలర్ సుద్దతో పొడుగ్గా గీత గీశాను, మొదట్లో టోపీ, తర్వాత చిన్న చదువు, గట్టు, పెద్ద ఏయూజీ. ఆమె చాలాసేపు చూసింది. గట్టు ఉన్నచోట వేలు పెట్టి, “అయితే బట్ట మంచిదే, కొలతా మంచిదే. కుట్టాల్సినన్ని జాకెట్లు కుట్టడం లేదు, అంతే కదా?” అంది. అంతే అన్నాను. ఇన్నేళ్లు ఆ పాఠం చెప్పినా నాకు తట్టని మాట ఆమెకు ఒక్క బొమ్మతో తట్టింది. వచ్చే వారం క్లాసులో అదే బొమ్మ గీస్తాను.

వెంటనే రెండు ప్రశ్నలు వేసింది. ఒకటి, ఆ అడ్డుపడే చిన్న చదువు అసలు అక్కడ ఎందుకుంది? రెండు, తయారీ పెంచే మందు లేదా? మీకే వదిలేస్తున్నాను.

ఆర్‌ఎన్‌ఏ_రైతుబిడ్డ రాసినది:

మాస్టారూ, అక్కగారు అడిగిన మొదటి ప్రశ్న మా ల్యాబ్ మీటింగ్‌లో అడగాల్సినది.

చిన్న చదువు పనికిరాని అడ్డంకి కాదు. పీ27 ఎప్పుడు ఎంత ఉండాలో కణం ఈ తయారీ దగ్గర కూడా సర్దుకుంటుంది. కణం విశ్రాంతిగా ఉన్నప్పుడు పీ27 ఎక్కువ కావాలి, విభజనకు సిద్ధమైనప్పుడు తగ్గాలి. ఎంఆర్ఎన్ఏ అంతే ఉన్నా, ఎన్ని రైబోజోమ్‌లు అసలు ఏయూజీ దాకా చేరతాయన్నదాన్ని మార్చి మోతాదు మార్చవచ్చు. ఎంఆర్ఎన్ఏ కొత్తగా చేయడం కంటే ఇది త్వరగా అవుతుంది. మనుషుల ఎంఆర్ఎన్ఏల్లో దాదాపు సగానికి ఇలాంటి చిన్న చదువులు ఉన్నాయి. పిట్యూటరీ గడ్డలు చాలావాటిలో పీ27 జీన్ చెక్కుచెదరకుండా ఉన్నా ప్రొటీన్ మాత్రం తక్కువగా కనిపించడం పరిశోధకులు చాన్నాళ్లుగా చూస్తున్నదే. కొంత తయారీ తగ్గడం వల్ల, కొంత తయారైంది త్వరగా విరిగిపోవడం వల్ల.

రైబోజోమ్‌లోనే తేడా వచ్చి పీ27 తగ్గిన కేసూ ఉంది. డిస్కెరిన్ అనే ఎంజైమ్ రైబోజోమ్ ఆర్ఎన్ఏలో కొన్ని యూ అక్షరాలను కాస్త మార్చి సూడోయూరిడిన్‌గా చేస్తుంది. 2010లో అమెరికాలో డావిడే రుగ్గెరో బృందం ఒక మనిషి పిట్యూటరీ గడ్డలో ఈ ఎంజైమ్ జీన్‌లో మార్పును గుర్తించింది. ఆ ఎంజైమ్ సరిగ్గా లేకపోతే రైబోజోమ్‌లు మిగతా ప్రొటీన్లు చేస్తూనే ఉంటాయి, పీ27 మాత్రం తగ్గుతుంది. టోపీ దగ్గర ఎక్కకుండా సందేశం మధ్యలోనే దిగే ఇంకో దారి ఒకటి ఉంది, పీ27 ఆ దారిని కూడా వాడుతుంది, అక్కడ దెబ్బ పడుతుంది. నేను ఈ రంగంలోకి రావడానికి కారణం ఆ పరిశోధనే. అన్ని రైబోజోమ్‌లూ ఒకేలా పనిచేస్తాయన్న నమ్మకం దాంతో పోయింది నాకు.

రెండో ప్రశ్నకు జవాబు చెప్పడానికి మనసొప్పడం లేదు గానీ, అబద్ధం చెప్పను. పీ27 తయారీని మాత్రమే పెంచే మందు ఈ రోజు లేదు. తయారీ మొదలును తాకే మందులు మాత్రం ఉన్నాయి. ఎవరోలిమస్ ఎంటార్ అనే స్విచ్‌ను ఆపి టోపీ దగ్గర ఎక్కే పనిని తగ్గిస్తుంది, పాంక్రియాస్ హార్మోన్ గడ్డలకు 2011 నుంచి దానికి అమెరికాలో అనుమతి ఉంది. పిట్యూటరీ గడ్డలకు అది మామూలుగా వాడే మందు కాదు. బ్యాక్టీరియా రైబోజోమ్‌ను పట్టే మందులైతే మనకు బాగా తెలిసినవే. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే ల్యాబ్‌లో పరిశోధన నడిపిస్తున్నప్పుడే, అక్కడ బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. బ్యాక్టీరియా రైబోజోమ్‌కూ మన రైబోజోమ్‌కూ తేడా ఉంది కాబట్టి ఆ మందులు మనల్ని వదిలి వాటిని పట్టుకుంటాయి. మనలో మంచి కణం రైబోజోమ్‌నూ గడ్డ కణం రైబోజోమ్‌నూ అలా విడదీయడం అంత తేలిక కాదు, ఇబ్బంది అక్కడే ఉంది. ఇప్పటికి అక్కగారికి ఆ ఇంజెక్షనే సరైన దారి, అది గ్రోత్ హార్మోన్ విడుదలను ఆపుతుంది.

ఆ లైను మాత్రం మర్చిపోకండి మాస్టారూ.

మున్నేరు_మాస్టారు రాసినది:

రిపోర్టులో ఆ పేజీ మా దగ్గర లేదు, ఆస్పత్రి ఫైల్లో ఉండిపోయింది. సోమవారం ఇంజెక్షన్‌కు వెళ్లినప్పుడు జిరాక్స్ తీసుకుంటాను, పేరు మీద కాగితం అంటించి ఫోటో పెడతాను.

డాక్టరు గారు చెప్పినట్టు ఇంట్లో అందరి గురించీ అడుగుతూ కూర్చున్నాం. అమ్మకు 71, ఆమె చేతి ఉంగరం పెళ్లినాటిదే, ఇప్పటికీ సబ్బు లేకుండా ఊడి వస్తుంది. కాల్షియం నిన్న చూపించాం, బాగానే ఉంది. నాన్న పోయి తొమ్మిదేళ్లైంది. ఆయనకు నలభై దాటకముందే రాళ్ల నొప్పి ఉండేదని, రెండుసార్లు వరంగల్‌లో చేర్పించారని అమ్మ ఇప్పుడు చెబుతోంది. మాకు ఆ వయసులో అది కడుపునొప్పి అని మాత్రమే తెలుసు.

నాన్న తమ్ముడు ఇల్లెందులో ఉన్నాడు. రాత్రే ఫోన్ చేశాను. బాబాయికీ ఒకసారి రాయి తీశారట, ఎప్పుడూ మాతో అనలేదు. శనివారం మొదటి బస్సుకు వస్తానన్నాడు. కాల్షియం, పీటీహెచ్ రెండూ ఇక్కడే ఇప్పించి, ఆ కాగితాలు కూడా సోమవారం వెంట తీసుకెళ్తాను.